గట్టు అవతలి మనిషి

మాఘమాసం వచ్చిందంటే చాట్రాయి దారుల్లో గాలి కూడా మామిడి పూత వాసనే వేస్తుంది. చనుబండ, సోమవరం, చిత్తపూరు... ఏ ఊరి వైపు తిరిగినా తోటలు కనిపిస్తాయి. పొద్దున్నే రైతు తోటలోకి వెళ్తాడు. పూత ఎలా ఉందోనని చెట్టు వంక చూస్తాడు. మబ్బు పట్టిందేమోనని ఆకాశం వంక చూస్తాడు. జిగురు కనబడుతోందేమోనని ఆకు తడిమి చూస్తాడు. ఒక్కటే చూడడు... గట్టు అవతలి తోట!

ఎందుకు చూడాలి? అది తనది కాదుగా. పైగా ఆ ఆసామితో మాటల్లేక మూడేళ్లయింది. సరిహద్దు మీదున్న చెట్టు కాయలు ఎవరు కోసుకోవాలన్న దగ్గర మొదలై, ఎవరి ట్రాక్టరు ఎవరి దారిలో పోవాలన్న దాకా వచ్చి ఆగింది. ఇలాంటి గట్టు తగాదా ఒక్కటైనా లేని ఊరు ఉంటుందా చెప్పండి! పెళ్లిలో ఎదురుపడితే పలకరించుకుంటారు. తోటలో ఎదురుపడితే తలకాయ తిప్పుకుంటారు. ఎవరికి వారే యమునా తీరే.

ఇన్నాళ్లూ ఇది పౌరుషాల వ్యవహారం అనుకుంటూ వచ్చారు. నిజానికిది డబ్బుల వ్యవహారం. చిన్న రైతు ఏడాదికి పోగొట్టుకునే దాన్లో కొంత ఆ గట్టు మీదే పోతోంది.

ఈగకు సర్వే నంబరు లేదు

పండు ఈగ సంగతే తీసుకుందాం. చూడ్డానికి ఇంట్లో తిరిగే ఈగంత ఉంటుంది. కాయ పక్వానికి వచ్చే వేళ తొక్క కింద గుడ్లు పెట్టి పోతుంది. పైకి ఏమీ కనిపించదు. కోసి, ముగ్గబెట్టి, కోరిక కొద్దీ కోస్తే లోపల తెల్లటి పురుగులు లుకలుకలాడుతుంటాయి. చెట్టు మీదే పురుగు పట్టిన కాయ రాలి పడుతుంది. పురుగు అందులోంచి బయటికొచ్చి మట్టిలోకి దూరుతుంది. అక్కడ కోశస్థ దశ పూర్తిచేసుకుని మళ్లీ ఈగై లేస్తుంది. అంటే రాలిన కాయను కాలితో పక్కకి నెట్టేసి వెళ్లిపోవడమంటే రాబోయే ఈగల్ని చేతులారా పెంచడమే.

దీనికి విరుగుడు తెలియనిది కాదు. మిథైల్ యూజినాల్ అనే మందును ఎరగా పెట్టిన డబ్బాలు ఎకరానికి నాలుగు చొప్పున కోతకు నెల, నెలన్నర ముందే చెట్లకు వేలాడదీస్తారు. ఆ వాసనకు మగ ఈగలు వచ్చిపడతాయి. మగ ఈగలు తగ్గితే గుడ్లు పెట్టే ఆడ ఈగలకు జోడీ దొరకదు. రాలిన కాయల్ని ఏరి గోతిలో లోతుగా పూడ్చేస్తే మిగతా పని కూడా అయిపోతుంది. ఖర్చా... పెద్దదేం కాదు.

మరి కిటుకెక్కడుంది? ఆ ఎరకు వచ్చేవి మగ ఈగలు మాత్రమే! ఒక రైతు తన రెండెకరాల్లో డబ్బాలు కట్టి, గట్టు అవతలాయన కట్టలేదనుకోండి. అక్కడ జోడు కట్టిన ఆడ ఈగలు తీరిగ్గా ఇవతలికి ఎగిరొచ్చి కాయల్లో గుడ్లు పెట్టి పోతాయి. డబ్బాలు కట్టినాయన రెండు విధాలా నష్టపోతాడు. ఎరకు డబ్బులు పెట్టాడు, కాయా పోయింది. వచ్చే ఏడు ఆయన కూడా కట్టడు. ‘అదంతా బూటకం, పనిచెయ్యదు’ అని రచ్చబండ దగ్గర చెప్తాడు. మందు పనిచెయ్యక కాదు, ఒక్కడే కట్టడంవల్ల పనిచెయ్యలేదు. తేనెమంచు పురుగుదీ ఇదే తంతు. ఒక తోటలో మందు కొడితే పక్కతోటలోకి వెళ్లి తలదాచుకుంటుంది. అక్కడ కొట్టినప్పుడు ఇక్కడికి వస్తుంది. రైతులిద్దరూ వంతులవారీగా దాన్ని అటూ ఇటూ తోలుతుంటారు, మందుల కొట్టు ఆసామి ఇద్దరి దగ్గరా డబ్బులు తీసుకుంటుంటాడు!

ఈ చిన్న ఈగ ఎంత దూరం ప్రయాణం చేసిందో తెలిస్తే ఆశ్చర్యమేస్తుంది. దీన్ని సాకుగా చూపే 1986లో జపాన్ మన మామిడిని రానివ్వలేదు. ఆవిరి శుద్ధి చేసి పంపుతామని ఒప్పించేసరికి ఇరవయ్యేళ్లు పట్టింది. 2006లో మళ్లీ తలుపులు తీసింది. అప్పుడు ఒప్పుకున్న రకాల్లో మన బంగినపల్లి కూడా ఉంది. 2014 మేలో ఐరోపా సమాఖ్య సైతం భారత మామిడిని ఆపేసింది. 2015 జనవరిలో గానీ ఆ నిషేధం ఎత్తేయలేదు. బెంగుళూరు నుంచి బ్రస్సెల్స్ దాకా అధికారులు ఫైళ్లు పట్టుకుని తిరిగిన ఈ గొడవకు మూలం ఏ తోటలోనో ఏరకుండా వదిలేసిన నాలుగు రాలుగాయలు.

హవాయి దీవుల్లోనూ రైతులకు పండు ఈగతో ఇదే బాధ. 1999లో అక్కడ మొదలైన కార్యక్రమంలో ఏ ఒక్క రైతునూ విడిగా చూడలేదు. ఒక ప్రాంతంలోని పొలాలన్నిటినీ ఒక్కటిగా లెక్కేశారు. రాలిన కాయల్ని సన్నటి వల గుడారంలో వేయించారు. ఆ వల కన్నాల్లోంచి ఈగ బయటికి పోలేదు. ఈగ పురుగును తినే బుల్లి కందిరీగ మాత్రం పోగలదు. రైతుకు సాయం చేసే పురుగు పొలంలోకి, చెరుపు చేసేది చెరసాలలోకి! ఈ ఆలోచనలో తెలివి ఎంతుందో, అందరినీ ఒప్పించి చేయించడంలో ఓర్పు అంతకు మించి ఉంది.

రెండెకరాల ఆసామి, పది టన్నుల లారీ

ఇక అమ్మకం. చాట్రాయి 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారింది. కాయ దారి మాత్రం మారలేదు. నూజివీడు, ఆగిరిపల్లి మీదుగా విజయవాడ పక్కనున్న నున్న మార్కెట్టుకే పోతుంది.

రెండెకరాల తోట అనుకుందాం. కాపు బాగుంటే ఎకరానికి మూడు నాలుగు టన్నులు. అదీ ఒక్కరోజున రాదు. మూడు నాలుగు కోతలు కోయాలి. ఒక్కో కోతకు టన్నున్నర, రెండు టన్నులు. దానికోసం లారీ మాట్లాడలేడు. ట్రాలీ ఆటోలో వేసుకుని వెళ్తే కిరాయి కిలోకి లెక్కేసుకుంటే కళ్లు తిరుగుతాయి. మార్కెట్లోకి వెళ్లాక ఆయన చెప్పే మాట వినేవాడుండడు. గ్రేడింగు వాళ్లది, కాటా వాళ్లది, తరుగు వాళ్లది. ‘ఇంతే వస్తుంది, ఇష్టమైతే దించు’ అంటారు. దించకపోతే వెనక్కి తేగలడా? ఎండలో పచ్చి సరుకు. తిరుగు కిరాయి మళ్లీ చేతినుంచి. దించుతాడు.

ఈ తలనొప్పి పడలేకే చాలామంది పూత మీదే తోట అమ్మేసుకుంటారు. వ్యాపారి కొంత బయానా ఇస్తాడు. కాపు విరగకాస్తే లాభం ఆయనది. గాలివాన కొట్టి కాయ రాలితే ‘మిగతా డబ్బు తగ్గించుకోవాలి’ అని వచ్చి కూర్చుంటాడు. కూతురి ఫీజుకో, ఆస్పత్రికో డబ్బు అవసరమై రెండు మూడేళ్ల కాపు ఒకేసారి రాసిచ్చేవాళ్లూ ఉన్నారు. అంటే తోట రైతుదే, కాయ మాత్రం ఆయనది కాదు.

పక్కపక్క తోటలవాళ్లు ఆరుగురు కలిసి ఒకే రోజున కోత పెట్టుకుంటే? పది టన్నుల లారీ నిండుతుంది. కూలీల ముఠాను ఒకసారి పిలిస్తే చాలు. ఆరుగురిలో ఒకరు కాటా దగ్గర నిలబడితే ఆరు కుటుంబాలకూ కాపలా ఉన్నట్టే. రెండు టన్నులవాడితో గదమాయించి మాట్లాడే వ్యాపారి పది టన్నులవాళ్లతో కాస్త కుర్చీ వేసి మాట్లాడతాడు. ధర రెట్టింపు అవుతుందని ఎవరూ చెప్పలేరు. కిరాయి, తరుగు, కూలి... ఈ మూడింట్లో మిగిలిందే చిన్న రైతుకు లాభం.

ధర ప్రకటిస్తే సరిపోతుందా అంటే అదీ లేదు. 2025లో చిత్తూరు వైపు తోతాపురి ధర కుప్పకూలినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు దక్కాలని, అందులో ఫ్యాక్టరీలు 8 రూపాయలు, సర్కారు 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించింది. అయినా గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. తోతాపురి అంటే మన నూజివీడు వైపు కలెక్టరు కాయే. పేరుకు కలెక్టరు గానీ ఆ వరసలో నిలబడ్డప్పుడు దాని మాటా చెల్లలేదు.

విసిగిపోయిన రైతు చేసే పని ఒకటుంది. గొడ్డలి తీసుకోవడం! ముప్పై, నలభై ఏళ్ల చెట్లు కొట్టేసి పామాయిల్ వేసుకుంటున్నారు, మొక్కజొన్న వేసుకుంటున్నారు. తప్పుపట్టడానికి లేదు. పామాయిల్ గెలకు కొనేవాడు ఖాయంగా ఉన్నాడు. ఏ కంపెనీ ఏ ప్రాంతంలో కొనాలో ముందే నిర్ణయమై ఉంటుంది. మామిడికి ఆ భరోసా లేదు. చిన్నరసం రుచి గురించి నగరాల్లో ఎంత గొప్పగా చెప్పుకున్నా చెట్టును నిలబెట్టేది రుచి కాదు, కొనేవాడు.

అప్పుడెలా ఉండేదంటే...

‘మా రోజుల్లో ఊరంతా ఒక కుటుంబంలా ఉండేవాళ్లం’ అని పెద్దవాళ్లంటారు. అందులో నిజం లేకపోలేదు. ఈరోజు మీ చేలో మేం, రేపు మా చేలో మీరు... కూలి డబ్బులు చేతులు మారకుండా నాట్లు పడేవి. పాక కప్పాలంటే నలుగురూ తాటాకు మోసుకొచ్చేవాళ్లు. వడ్డీ లేని చేబదులుకు కాగితం అక్కర్లేదు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగదు కాబట్టి ఇరుగింటి నుంచి అన్నం, పొరుగింటి నుంచి పప్పు వచ్చేవి.

అయితే ఆ కుటుంబంలో అందరూ ఉన్నారా అని అడిగితే మాత్రం కాస్త ఆలోచించాలి. బదులు పనులు చాలావరకు ఒక కులంలోనే తిరిగేవి. ఊరి చివర పేటవాళ్లు చేసింది బదులు కాదు, చాకిరి. వాళ్లకి గట్టే లేదు, ఇక గట్టు అవతలి మనిషి ఎక్కడ? పాత రోజుల్ని అలాగే తెచ్చిపెట్టుకుందామంటే కుదరదు. తెచ్చుకోవాల్సినవి కొన్ని, వదిలేయాల్సినవి కొన్ని.

సంఘం అనగానే మొహం చిట్లించుకునేవాళ్లకూ వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. సొసైటీ అంటే పల్లెల్లో గుర్తొచ్చేది ఎరువుల గోడౌను, పార్టీ కండువాలు. రాష్ట్రంలో ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలకు 2013లో ఎన్నికలు జరిగాయి. ఆ పాలకవర్గాల గడువు తీరాక ఏళ్ల తరబడి నామినేటెడ్ కమిటీలతోనే నెట్టుకొచ్చారు. సభ్యుడు ఓటు వెయ్యని సంఘంలో సభ్యుడికి ఏం పని ఉంటుంది? అప్పు కావాల్సినప్పుడు వెళ్లడం, మాఫీ వస్తుందేమోనని చూడడం... అంతే.

ముల్కనూరు ఏం చేసింది?

అందరికీ అలాగే జరిగిందా అంటే, జరగలేదు. హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలో ముల్కనూరు ఉంది. అక్కడ ఎ.కె. విశ్వనాథరెడ్డి పూనికతో 1956లో సహకార గ్రామీణ పరపతి సంఘం మొదలైంది. 14 గ్రామాలు, 373 మంది సభ్యులు, 2,300 రూపాయల వాటా ధనం. ఇంతే పెట్టుబడి! ఇప్పుడు సభ్యులు వేలల్లో ఉన్నారు. సంఘానికి రైసు మిల్లు ఉంది, విత్తన శుద్ధి ఉంది, పత్తి జిన్నింగు ఉంది, పెట్రోలు బంకు ఉంది. సభ్యులు పండించిన వరి విత్తనం సంఘం పేరు మీద అమ్ముడుపోతుంది.

దాని కిటుకు చాలా మామూలుది. అప్పిచ్చేది సంఘమే, పంట కొనేదీ సంఘమే. పంట డబ్బులోంచి అప్పు మినహాయించుకుని మిగతాది రైతు చేతిలో పెడుతుంది. రైతు వడ్డీ వ్యాపారి దగ్గరికి పోనక్కర్లేదు, సంఘం వసూళ్ల కోసం రైతు గుమ్మం ఎక్కనక్కర్లేదు. రెండోది, సభ్యుల పొదుపు. తన డబ్బు అందులో ఉన్నప్పుడు ఏ రైతైనా లెక్క అడుగుతాడు. సర్కారు డబ్బయితే అడగడు. సబ్సిడీతో పుట్టిన సంఘాలు సబ్సిడీ ఆగగానే ఎందుకు పడుకుంటాయో ఇక్కడ అర్థమవుతుంది.

అదే ముల్కనూరులో ఆడవాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. 1990 దశకంలో పొదుపు సంఘాలుగా కూడిన మహిళలు 2000లో పాల డెయిరీ పెట్టుకున్నారు. సభ్యులు మహిళలే, డైరెక్టర్లూ మహిళలే. ‘స్వకృషి’ పేరుతో పాలు అమ్ముతున్నారు. పాడి పనంతా ఆడవాళ్లు చేస్తుంటే పాల డబ్బులు మగవాళ్ల చేతికి వెళ్లే పద్ధతి అక్కడ తిరగబడింది. సర్కారు జోక్యం లేకుండా సంఘాలు నడుపుకోవడానికి 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వాళ్లకు అండగా నిలిచింది.

ముల్కనూరును చాట్రాయిలో దించేయలేం. అక్కడ వరి, ఇక్కడ మామిడి. వడ్లు గోడౌన్లో ఆర్నెల్లు ఆగుతాయి, రసం పండు ఆరు రోజులు ఆగదు. మామిడి సంఘానికి నిలవ కంటే రవాణా ముఖ్యం, అప్పుకంటే కోత తేదీలు ముఖ్యం. అందుకే ముందు ముల్కనూరు దగ్గర నేర్చుకోవాల్సింది మిల్లు కట్టడం కాదు, లెక్క రాయడం.

ఆడవాళ్లు తలుచుకున్న ఊరు

చాట్రాయి దాటితే ఖమ్మం జిల్లా సత్తుపల్లి పొలిమేర. ఇంకా పైకెళ్తే పాల్వంచ మండలంలో పునుకుల అనే ఊరు వస్తుంది. పత్తి ఊరు. 1990 దశకం చివర్లో అక్కడ పురుగుమందుల ఖర్చు రైతు నడ్డి విరిచింది. మందు అప్పుగా ఇచ్చేదీ, పంట కొనేదీ ఒకే వ్యాపారి. ఏ మందు కొట్టాలో చెప్పేదీ ఆయనే! ఇక బయటపడే దారేది?

దారి చూపించింది మహిళా సంఘాలే. ఒక స్వచ్ఛంద సంస్థ సాయంతో కొందరు రైతులు పురుగుమందు మానేసి వేపగింజల కషాయం, ఎర పంటలు, లింగాకర్షక బుట్టలతో చూశారు. మొదట్లో మగవాళ్లు నమ్మలేదు. మందు కొట్టి వచ్చిన భర్త వాంతులు చేసుకుంటుంటే ఆస్పత్రికి మోసుకెళ్లేది ఆడవాళ్లే కదా... వాళ్లకు నమ్మకం కుదరడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. సంఘం సమావేశాల్లో ఇదే చర్చ. ఇంటికెళ్లాకా ఇదే చర్చ. చివరికి 2003-04 నాటికి పురుగుమందులు వాడని ఊరుగా పునుకుల నిలిచింది. మందుల వ్యాపారులు ఊళ్లో అమ్మకానికి రావద్దని పంచాయతీ తీర్మానం చేసుకుంది. అక్కడి అనుభవమే తర్వాత మహిళా సమాఖ్యల ద్వారా రాష్ట్రమంతా పాకిన పురుగుమందుల్లేని సాగుకు ఒక మెట్టయింది. ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సంఘాల మీదే నిలబడిన ప్రజా భాగస్వామ్య ప్రకృతి వ్యవసాయానికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతిలో వాటా దక్కింది.

ఒక్క రైతు మానేస్తే పక్క చేనులోంచి పురుగు వచ్చి పడేది. ఊరంతా మానేశారు కాబట్టి మిత్రపురుగులు బతికాయి. చాట్రాయి తోటలకు ఇంతకంటే దగ్గరి పాఠం ఎక్కడుంది?

కింద నీళ్లెవరివి?

మెట్ట ప్రాంతం. బోరే దిక్కు. గోదావరి నీళ్లు తెచ్చే చింతలపూడి ఎత్తిపోతల పనులు ఏళ్ల తరబడి సాగుతున్నాయి. ఈలోగా ఒకాయన 300 అడుగులు వేస్తే పక్కాయన 400 వేస్తాడు. మొదటాయన బోరు ఎండిపోతుంది. ఆయన 500 వేస్తాడు. నీళ్లు పెరగవు, అప్పు మాత్రం పెరుగుతుంది.

2003 ప్రాంతంలో అనంతపురం, కర్నూలు, ప్రకాశం, నల్గొండ వంటి ఏడు కరవు జిల్లాల్లో ఒక ప్రయత్నం జరిగింది. ఆంధ్రప్రదేశ్ రైతుల భాగస్వామ్య భూగర్భజల నిర్వహణ పథకం అని పేరు. ఎవరినీ బోరు ఆపమనలేదు, పంట మార్చమనలేదు. రైతుల చేతికే కొలతల టేపు ఇచ్చారు. పదిహేను రోజులకోసారి బోర్లలో నీటిమట్టం కొలిచారు, వానమాపకంలో వాన కొలిచారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని ఈ ఏడు కింద ఎన్ని నీళ్లున్నాయి, అనుకున్న పంటలకు ఎన్ని కావాలి అని లెక్క వేశారు. ఆ అంకెల్ని అందరికీ కనిపించేలా గోడ మీద రాశారు. అంతే! తర్వాత ఏ పంట వేసుకోవాలన్నది ఎవరిష్టం వారిది.

విచిత్రమేమిటంటే, చాలా ఊళ్లలో నీళ్లు ఎక్కువ తాగే పంటల విస్తీర్ణం తగ్గింది. పక్కాయనకు తనకంటే ఎక్కువ నీళ్లున్నాయన్న అనుమానం ఉన్నన్నాళ్లూ ఎవరూ తగ్గరు. అందరికీ ఉన్నది ఒకే కుండ అని అంకె చూపిస్తే కోపం కాస్త చల్లారుతుంది. ఉపన్యాసాలతో కాని పని గోడ మీది సుద్దముక్క చేసింది.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఈ సంగతి మనవాళ్లకు ముందే తెలుసు. అది కాలిపోయిన రోజున మాటల్లేనివాళ్లు కూడా మాట్లాడుకుంటారు! ‘మావయ్యా, ట్రాక్టరు మీది... దించి తెచ్చే ఖర్చు మాది’ అంటూ ఒకరోజులో చందా పోగవుతుంది. కొత్తది బిగించి కరెంటు రాగానే మళ్లీ తలకాయలు తిరుగుతాయి. ఆ ఒక్కరోజు ఐకమత్యాన్ని మర్నాటి దాకా నిలబెట్టుకోవడమెలా అన్నదే చిక్కు.

ఎవరిని పిలుస్తాం?

సంఘం అనుకోగానే పట్టాదారు పాసు పుస్తకం ఉన్నవాళ్లంతా వచ్చి కుర్చీల్లో కూర్చుంటారు. మరి తోట చూసేదెవరు? చాలాచోట్ల కౌలుదారు. కాపలా ఉండేది తోటలోనే గుడిసె వేసుకున్న కుటుంబం. కాయ కోసేది చిక్కం కర్ర పట్టుకున్న కూలీ. రాలుగాయలు ఏరేది ఆడమనిషి. ఈగ ఎక్కడ లేస్తుందో పాసు పుస్తకానికి తెలీదు, ఆమెకు తెలుసు. వీళ్లను బయట కూర్చోబెట్టి పెట్టుకునే సంఘం సగం సంఘమే.

కౌలు రైతు కథ మరీ కష్టం. 2019 చట్టం ప్రకారం పంట సాగుదారు హక్కు పత్రం కావాలంటే పదకొండు నెలల ఒప్పందం మీద భూ యజమాని సంతకం ఉండాలి. భూమి పోతుందేమోనని యజమాని భయం. కాగితం లేకపోతే బ్యాంకు అప్పు రాదు, నష్టపరిహారం రాదు. ఇలాంటి చోటే పక్క తోటలవాళ్ల మాట పనికొస్తుంది. ‘ఏం భయం లేదు బాబాయ్, పెట్టు సంతకం. భూమి మీద హక్కేం పోదని చట్టంలోనే ఉంది’ అని నలుగురు తెలిసినవాళ్లు చెబితే అధికారి చెప్పినదానికంటే బాగా చెవికెక్కుతుంది.

రైతు ఉత్పత్తిదారుల సంస్థ పెట్టుకోవాలన్న ఉత్సాహం ఈమధ్య బాగా కనిపిస్తోంది. కంపెనీల చట్టంలో దీనికి వీలు 2003లోనే వచ్చింది. పదిమంది ఉత్పత్తిదారులుంటే రిజిస్టరు చేసుకోవచ్చు. 2020లో మొదలైన కేంద్ర పథకంలో సాయం అందాలంటే మైదాన ప్రాంతంలో 300 మంది ఉండాలన్నారు. మంచిదే. కానీ మొదటిరోజే మూడు వందల మందిని పోగుచేస్తే అందులో సగం మంది ఆధార్ కాపీ ఇచ్చి ఇంటికెళ్లిపోతారు. ఒకరి గుణం ఒకరికి తెలిసిన పదిహేను తోటలు ఒక ఏడాది కలిసి కోత కోసి, కలిసి నష్టపోయి, అయినా విడిపోకుండా ఉంటే ఆ తర్వాత కంపెనీ గురించి ఆలోచించవచ్చు. రిజిస్ట్రేషన్ కాగితం స్నేహాన్ని పుట్టించదు.

ఇంకో మాట చెప్పుకోవాలి. అప్పుల్లో ఉన్న రైతు మొదట మానేసేది నలుగురిలోకి రావడం. టీ కొట్టు దగ్గర కనిపించడు. ఫోనెత్తడు. ఇంట్లోవాళ్లకు కూడా మొత్తం లెక్క చెప్పడు. బ్యాంకు మేనేజరుకు ఈ మార్పు తెలీదు. వ్యవసాయాధికారికి తెలీదు. తెలిసేది పక్క తోటాయనకే... ‘ఏంటి, రెండ్రోజులుగా మోటారు వెయ్యలేదు’ అనుకునేది ఆయనే. అలా అనుకుని ఊరుకోకుండా గట్టు దాటి వెళ్లి కాసేపు కూర్చుంటే చాలు. సలహాలు కూడా అక్కర్లేదు. మనసు మరీ బరువెక్కిందనిపిస్తే 14416కి ఫోన్ చేయించవచ్చు. 2022లో మొదలైన టెలీ మానస్ సేవ అది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

మొదట చేయాల్సింది చిన్నదే. ఒక దారి పట్టుకుని ఉన్న పది, పదిహేను తోటల్ని ఒక జట్టుగా అనుకోవాలి. ఆరు తోటలకు సరిపోయే లారీ, పదిహేను తోటలకు సరిపోయే ఎర మందు, ఒక నోటు పుస్తకం. పుస్తకం రాసే బాధ్యత డ్వాక్రా సంఘంలో లెక్కలు రాసి అలవాటున్న అమ్మాయికి ఇస్తే ఇంకా మంచిది, వాళ్ల చేతిరాతకు ఎదురుండదు. ఏ మందు ఎంత మోతాదులో కలపాలో నూజివీడు మామిడి పరిశోధన స్థానంవాళ్లు చెప్తారు, ఊళ్లో రైతు సేవా కేంద్రం ఉంది. డబ్బాల్లో పడ్డ ఈగల్ని వారానికోసారి లెక్కపెట్టి తోటవారీగా రాయాలి. ఏ తోటలో ఎక్కువ పడ్డాయో అందరికీ తెలుస్తుంది. ఆ ఆసామి మీద విరుచుకుపడకుండా అందరూ వెళ్లి ఆ తోటలో రాలిన కాయలు ఓ పూట ఏరి పెట్టాలి. ఆయన ఊళ్లో లేక హైదరాబాద్‌లో ఉన్నా సరే!

ఇవన్నీ కాయ పక్వానికి రాకముందే తేలాలి. బంగినపల్లి కోత ఏప్రిల్‌లో అందుకుంటుందనుకుంటే మార్చి మొదటి వారానికి డబ్బాలు చెట్ల మీద ఉండాలి. అంటే జట్టు కూర్చోవాల్సింది ఫిబ్రవరిలో, పూత ఇంకా చెట్టు మీద ఉండగానే. ఆరోజు తేల్చుకోవాల్సిన మొదటి లెక్క ఒకటుంది. సరిగ్గా గట్టు మీదున్న చెట్టుకు కట్టే డబ్బా ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలి?